మా ఇంటి ర్యాంపు మీద ఎర్ర గీత

వార్డు కమిటీలో నా పేరు ఉన్న సంగతి మా వీధి చివరి ఇంటాయన చెబితే తెలిసింది. 2020 ఫిబ్రవరి 24న తెలంగాణ అంతటా పట్టణాల పారిశుద్ధ్యం, అభివృద్ధి కోసం ప్రభుత్వం పెట్టిన పట్టణ ప్రగతి మొదలైంది. పది రోజుల పాటు సాగిన ఆ కార్యక్రమంలోనే, 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టాన్ని అనుసరించి, వార్డుకు నాలుగు చొప్పున కమిటీలు వేశారు. యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, వయోవృద్ధులకు ఒకటి, ప్రముఖులకు ఒకటి. ఒక్కొక్క దానిలో 15 మంది. అంటే మా వార్డు బాగోగులు చూడడానికి ఒక్కసారిగా 60 మంది తేలారన్న మాట. ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన నన్ను వయోవృద్ధుల కమిటీలో వేశారు. అడిగి వేశారా అంటే లేదు. అడిగి ఉంటే కాదనేవాడినా అంటే అదీ లేదు.

కమిటీ అనగానే నేను చేసిన మొదటి పని చట్టాల పుస్తకాలు ముందు వేసుకోవడం. ఉపాధ్యాయుడి బుద్ధి ఎక్కడికి పోతుంది? రాజ్యాంగ 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిందని, దాని ద్వారా చేరిన 243-ఎస్ అధికరణం మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణ సంస్థల్లో వార్డు కమిటీలు ఉండి తీరాలని చెబుతోందని, పన్నెండో షెడ్యూలులో పట్టణ ప్రణాళిక మొదలు పారిశుద్ధ్యం, వీధి దీపాలు, శ్మశానాల దాకా 18 అంశాలు ఉన్నాయని ఒక కాగితం మీద రాసుకున్నాను. మా రాష్ట్ర చట్టం జనాభా లెక్కతో నిమిత్తం లేకుండా ప్రతి వార్డుకూ కమిటీలు వేయమనడం నాకు నచ్చింది. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను కానీ, మార్చిలో లాక్‌డౌన్ వచ్చి పడడంతో అది నెలల తరబడి జేబులోనే నలిగింది.

చివరికి జరిగిన మొదటి సమావేశానికి 60 మందిలో 19 మందిమి వెళ్లాము. కమ్యూనిటీ హాలులో కుర్చీలు వేశారు, కార్పొరేటరు గారు నాలుగు మంచి మాటలు చెప్పారు, రిజిస్టరులో సంతకాలు పెట్టాము, ఫొటో దిగాము. ఆ తరువాత ఒక గంట సేపు అందరమూ ఒకేసారి మాట్లాడాము. ఒకరు కుక్కల గురించి, ఒకరు వెలగని స్తంభాల గురించి, ఒకరు ఖాళీ స్థలంలో పడుతున్న చెత్త గురించి చెప్పారు. ప్రతి మాటకూ ముందు వరుసలోని ఉద్యోగులు తల ఊపారు. మంచి సమావేశం జరిగిందన్న తృప్తితోనే నేనూ ఇంటికి వచ్చాను.

రెండో సమావేశంలో, పోయినసారి చెప్పినవి ఏమయ్యాయని అడిగాను. బిల్ కలెక్టరు రిజిస్టరు తెరిచి చూపించాడు. సంతకాలన్నిటికీ పైన ఒకే ఒక వాక్యం ఉంది: ‘వార్డులోని పలు సమస్యలపై చర్చించడమైనది.’ గంట సేపు మేము ఆడిన మాటలన్నీ కలిసి ఆ ఒక్క వాక్యంగా కుదించుకుపోయాయి. ఆ ఉద్యోగిని తప్పు పట్టడానికి లేదు. పన్నుల వసూలు, జనన మరణ ధ్రువపత్రాల విచారణ, పైనుంచి వచ్చే సర్వేలు అన్నీ అతని నెత్తినే ఉన్నాయి. ఇకనుంచి మినిట్స్, అంటే సమావేశంలో అనుకున్న సంగతుల నమోదు, నేను రాస్తానని అడిగితే అతని ముఖంలో కనిపించిన ఊరట నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న పద్ధతి చిన్నది. ఎవరైనా ఒక సమస్య చెబితే, అది ఏ ఇంటి నంబరు దగ్గర, ఎప్పటి నుంచి ఉంది, ఏ విభాగానికి చెందింది, ఎవరు వచ్చి చూస్తారు, ఎప్పటిలోగా చూస్తారు అని అక్కడికక్కడే అడిగి రాయడం. రాసింది గట్టిగా చదవడం. చదివిన దాని కింద ఇంజనీరింగు విభాగం వారి చేతనో, శానిటరీ ఇన్‌స్పెక్టరు చేతనో సంతకం తీసుకోవడం. ఈ పద్ధతి వల్ల సమావేశాల్లో ఉత్సాహం సగానికి సగం తగ్గిపోయిందని ఒప్పుకుంటాను. ‘మా వీధిని అసలు పట్టించుకునే నాథుడే లేడు’ అన్న మాటను మినిట్స్‌లోకి ఎక్కించడం కష్టం. ‘ఫలానా స్తంభానికి దీపం వెలగక మూడు వారాలైంది’ అన్నది ఎక్కుతుంది, ఎక్కినది నాలుగు రోజుల్లో వెలుగుతుంది కూడా. దీపాల విషయంలో ఇంతకు మించి చెప్పవలసింది లేదు. అన్నిటికంటె సులువుగా తేలినవి అవే.

తేలనిది మా మూల మీది నీరు. మా సందు, పక్క సందు కలిసే చోటు కొంచెం పల్లం. ఓ మోస్తరు వాన పడితే మోకాలి దాకా నీరు నిలిచేది, రెండు రోజుల దాకా తీసేది కాదు. 2020 అక్టోబరు వానలకు ఆ నీరు ఆరు ఇళ్లలోకి వెళ్లింది. అందులో ఒక ఇంట్లో మంచం పట్టిన పెద్దావిడను నలుగురు కుర్చీతో సహా ఎత్తుకుని పక్కింటి మేడ మీదికి చేర్చవలసి వచ్చింది. ఆ తరువాత జరిగిన సమావేశానికి మొదటిసారి నలభై మందికి పైగా వచ్చారు.

కారణం ఏమిటన్న దాని మీద మూడు వాదాలు నడిచాయి. సైడు కాలువ ఇరుకు, దాన్ని పగలగొట్టి రెట్టింపు వెడల్పున కట్టాలన్నది ఒకటి. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోవడం వల్ల ఇళ్లు గుంతలో పడ్డాయన్నది రెండోది. మూల మీద నిలబడే పన్నెండు తోపుడు బండ్ల వాళ్లు కుళ్లిన కూరగాయలు, కవర్లు కాలువ మూతిలో తోసేస్తున్నారన్నది మూడోది. మొదటి రెండింటికీ డబ్బు కావాలి, కార్యాలయాల చుట్టూ తిరగాలి. మూడోదానికి నలుగురు మనుషులు, ఒక లారీ ఉంటే చాలు. కాబట్టి సభ మొత్తం మూడో వాదం వైపు మొగ్గింది. బండ్లను తొలగించాలని కమిటీ తీర్మానిస్తున్నది అని రాయమని నాకు చెప్పారు.

నేను కలం పట్టుకుని రాయకుండా కూర్చున్నాను. ధైర్యం వల్ల ఆగానని చెప్పుకోను; రాస్తే నిలబడుతుందా లేదా అన్న అనుమానం వల్ల ఆగాను. రెండు రోజుల గడువు అడిగి, 2014 నాటి వీధి విక్రయదారుల చట్టం తెచ్చుకుని చదివాను. వీధి విక్రయదారుల సర్వే పూర్తయి, వారికి ధ్రువపత్రాలు ఇచ్చే వరకు ఎవరినీ తొలగించరాదని అందులో మూడో సెక్షను స్పష్టంగా చెబుతోంది. ఆ తరువాత మార్చాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎవరు ఎక్కడ అమ్ముకోవచ్చో సిఫారసు చేసేది పట్టణ విక్రయ కమిటీ. దాని సభ్యుల్లో కనీసం 40 శాతం మంది విక్రయదారులే ఎన్నుకున్న విక్రయదారులై ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు కావాలి. ఒక వార్డులో అక్కడి జనాభాలో రెండున్నర శాతం దాకా విక్రయదారులకు చోటు చూపవచ్చునని కూడా ఉంది. ఇవన్నీ మళ్లీ సమావేశంలో చదివి వినిపిస్తే, ‘సార్, మీరు మా తరఫునా, బండ్ల తరఫునా?’ అని యువత కమిటీ నుంచి ఒక అబ్బాయి అడిగాడు. నా దగ్గర పదో తరగతి చదివినవాడే.

మహిళా కమిటీ సభ్యురాలు ఒకరు వాళ్లు లేకుండా వాళ్ల సంగతి మాట్లాడుకోవడమెందుకని లేచి, మూల మీద ఆకుకూరలు అమ్మే ఆమెను హాలు దగ్గరికి పిలుచుకు వచ్చారు. ఆమె గుమ్మం దాటి లోపలికి రాలేదు. ‘కాల్వ మూతి మీద మేమే నిలబడుతం సారూ. దాంట్ల చెత్త ఏస్తే ఆ వాసన ముందుగాల మాకే కద’ అని మాత్రం అంది. చివరకు కమిటీ రాసుకున్నది ఇది: బండ్లు కాలువ మూతికి మూడు గజాలు ఎడంగా నిలపాలి, చెత్త ఆటో సాయంత్రం కూడా ఒకసారి ఆ మూలకు రావాలి, కాలువ మొత్తం పొడవునా ఇంజనీరు సమక్షంలో పరిశీలన జరగాలి. మూడో అంశాన్ని అడిగింది నేనే. ఆ పరిశీలన ఎక్కడికి దారి తీస్తుందో ఆ రోజు నాకు తెలియదు.

పది రోజుల తరువాత ఉదయం ఏడింటికి అసిస్టెంటు ఇంజనీరు, వర్క్ ఇన్‌స్పెక్టరు, పారిశుద్ధ్య జవాను, ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు, మేము ఎనిమిది మందిమి మూల దగ్గర నుంచి పైకి నడవడం మొదలుపెట్టాము. ఇంజనీరు కుర్రవాడు, టేపు ఒక కొస నా చేతికి ఇచ్చాడు. కాలువ లోతు, వెడల్పు కొలిస్తే అది ఇరుకేమీ కాదు. రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు. మా సందులో కురిసే నీటికి అది చాలునని అతను అన్నాడు. అయితే ఆ రెండున్నర అడుగుల లోతు కనిపించింది కాలువ తెరిచి ఉన్న చోట్ల మాత్రమే. మిగతా పొడవంతా దాని మీద ర్యాంపులు ఉన్నాయి.

కార్మికులలో పెద్దామె చేతిలో కొస వంచిన ఇనుప చువ్వ ఒకటి ఉంది. ప్రతి ర్యాంపు దగ్గరా వంగి ఆ చువ్వను లోపలికి పోనిచ్చేది. కొన్నిచోట్ల చువ్వ మొత్తం పోయేది. కొన్నిచోట్ల జానెడు పోయి ఆగిపోయేది. అది ఎంత లోపలికి పోయిందో వర్క్ ఇన్‌స్పెక్టరు రాసుకుంటూ, ఆగిన చోట ర్యాంపు మీద ఎర్ర రంగుతో అడ్డంగా గీత గీస్తూ వచ్చాడు. అలా వస్తూ వస్తూ మా ఇంటి ముందుకు వచ్చాము. మాది ఆ వరుసలో అన్నిటికంటె పొడవైన ర్యాంపు. గేటు వెడల్పు పన్నెండు అడుగులు, ర్యాంపు పద్నాలుగు. ఆమె వంగి చువ్వ పెట్టింది. అది పిడికెడు కూడా లోపలికి పోలేదు. ఆమె లేచి, చువ్వ కొసను చీర కొంగుకు తగలకుండా పక్కకు పట్టుకుని, ఎవరి వంకా చూడకుండా, ‘నీళ్లు ఆగేది మూల మీద కాదు సార్, ఈడనే’ అంది.

వర్క్ ఇన్‌స్పెక్టరు నా వైపు చూశాడు. ఇంజనీరు టేపు చుట్టుకోవడంలో నిమగ్నమయ్యాడు. గీయండి అన్నాను. మిగతావాటి మీద ఒక గీత ఉంటే మా ర్యాంపు మీద మూడు గీతలు పడ్డాయి, అంత పొడవుంది మరి. సందు మొత్తానికి 34 ర్యాంపులు లెక్కకు వచ్చాయి, అందులో గీతలు పడ్డవి 21.

ఇంజనీరు అప్పుడు వివరంగా చెప్పిన సంగతి నాకు అప్పటివరకు తట్టలేదు. రోడ్డు పెరిగిన కొద్దీ ఇళ్లవాళ్లు గడప ఎత్తు పెంచుకుంటారు. గడప పెరిగితే బండి ఎక్కడానికి ర్యాంపు పొడుగు కావాలి. పొడుగైన ర్యాంపు కాలువ దాటి రోడ్డు మీదికి వస్తుంది. కాలువ మీద సిమెంటు పోశాక కింద పూడిక తీయడానికి చెయ్యి దూరదు, పార దూరదు. ఏటా వానాకాలం ముందు పూడిక తీత పని జరుగుతూనే ఉంది, తెరిచి ఉన్న చోట మట్టి తీసి గట్టున వేసి ఫొటో తీసుకుంటున్నారు, ర్యాంపుల కింద ఉన్నది ఉన్నట్టే ఉంటోంది. అంటే రోడ్డు వాదంలోనూ కొంత నిజం ఉంది. బండ్ల వాదంలోనే లేదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిన సంభాషణ ఎక్కువ రాయను. ‘నాన్నా, మీరు కమిటీలో చేరింది మన ర్యాంపు మనమే పగలగొట్టుకోవడానికా?’ అని మా అబ్బాయి అన్నాడు. మా ఆవిడ మాత్రం, మొదట అందరి ర్యాంపులు తీయించి చివర మనది తీస్తే ఊరు ఏమంటుందో ఆలోచించండి అంది. నేను ఆలోచిస్తున్నదీ అదే. ఎర్ర గీతలు పడిన ఇళ్లవాళ్లలో పదిహేనేళ్లుగా ఉదయం నాతో కలిసి నడకకు వచ్చే ఆయన ఉన్నారు. ఆ మరునాటి నుంచి ఆయన నడక వేళ మార్చుకున్నారు.

తరువాతి సమావేశం మా వార్డు చరిత్రలో అన్నిటికంటె పొడవైనది. మూడు గంటలు సాగింది. టౌన్ ప్లానింగ్ విభాగం నుంచి వచ్చిన అధికారి, కాలువ మీద శాశ్వత కట్టడం ఏదైనా తొలగించే అధికారం నగరపాలక సంస్థకు ఉందని, కావాలంటే 21 ఇళ్లకూ నోటీసులు ఇస్తామని చెప్పాడు. నోటీసు అన్న మాటతో సభ రెండుగా చీలింది. ఎక్కువ మందిని చీకాకు పెట్టింది పగలగొట్టడం కాదు, ఆ తరువాత బండి లోపలికి ఎలా ఎక్కుతుందన్న ప్రశ్న. దానికి సమాధానం ఇంజనీరు దగ్గర ఉంది: కాలువ మీద వచ్చే రెండడుగుల భాగం వరకు సిమెంటు తీసేసి, ఎత్తి పక్కన పెట్టగలిగిన ఇనుప జాలీ వేసుకోవచ్చు, దానికి ఇవతల, రోడ్డు మీదికి ర్యాంపు రాకూడదు. జాలీ ఖర్చు ఇంటివారిది, కాలువ అడుగు సరిచేసి దెబ్బతిన్న గోడలు కట్టే ఖర్చు సంస్థది. ఈ మాట రెండు వాక్యాల్లో రాసి చదివాను. ఒకాయన లేచి, ‘ముందు మీది పగలగొట్టండి సార్, తరువాత సంతకం పెడతాము’ అన్నారు. న్యాయమైన మాట. దాన్ని కూడా మినిట్స్‌లో రాశాను, తేదీతో సహా.

ఆ ఆదివారం ఇద్దరు కూలీలు సమ్మెటలతో వచ్చారు. వీధిలో సగం మంది గేట్ల దగ్గర నిలబడి చూశారు. సిమెంటు మందం అరడుగు ఉండడంతో మధ్యాహ్నం దాకా పట్టింది. చివరి పెళ్ల లేచాక కింద చూస్తే నల్లటి బురద, ప్లాస్టిక్ కవర్లు, ఒక పిల్లవాడి చెప్పు, వాటన్నిటి మధ్య కాలువకు అడ్డంగా గట్టిపడిన సిమెంటు బస్తా ఒకటి కనిపించాయి. సంచి ఎప్పుడో కుళ్లిపోయింది. సిమెంటు మాత్రం సంచి ముడతలతో, మూతి కట్టిన ముడితో సహా రాయిలా నిలిచి ఉంది. మా ఇల్లు కట్టినప్పుడు తడిసి పనికిరాకుండా పోయిన బస్తా అది. మేస్త్రీ దాన్ని ఎక్కడ పారేశాడో అప్పుడు నేను అడగలేదు. గడ్డపారతో దాన్ని పైకి దొర్లించగానే వెనక ఆగి ఉన్న నీరు ఒక్కసారిగా కదిలి మూల వైపు వెళ్లింది. చూస్తున్నవారిలో ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే కొంత తేలికగా ఉండేది. వారం తిరిగేలోగా 17 సంతకాలు వచ్చాయి. మిగిలిన నాలుగు ఇళ్లకు నోటీసులు వెళ్లాయి.

తెరిచిన కాలువ ఇంకొక సంగతిని బయటపెట్టింది. తొమ్మిది ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల గొట్టాలు నేరుగా ఈ వాన నీటి కాలువలోకే వస్తున్నాయి. భూగర్భ డ్రైనేజీ మా వైపు ఇంకా రాలేదు. చువ్వ పట్టుకుని వంగిన ఆమె ఏళ్ల తరబడి ఎత్తుతున్న బురద కేవలం మట్టి కాదు. మానవ మలాన్ని చేతులతో ఎత్తించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం నేరం. అలాంటి పనిలో మరణించినవారి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ తొమ్మిది గొట్టాలను మూసి ఇంకుడు గుంతలకు మళ్లించాలని తీర్మానించాము. నాలుగు మళ్లాయి. ఐదు ఇళ్లలో గుంత తవ్వడానికి గజం జాగా కూడా లేదు. ఆ పేజీలో ‘పెండింగు’ అన్న మాట నా చేతి రాతలోనే వరుసగా పదకొండు సమావేశాల పాటు ఉంది. కార్మికులకు చేతి తొడుగులు, మోకాలి దాకా వచ్చే బూట్లు ప్రతి సమావేశంలోనూ అడిగి తెప్పించగలిగాము. వాటితో వేసవిలో గంట కంటె ఎక్కువ పని చేయలేమని, బూట్లు కొలతకు సరిపోవని ఆ పెద్దామె చెప్పినప్పుడు, కొలతలు కూడా మినిట్స్‌లో రాయాలని మాకు తట్టనందుకు సిగ్గు వేసింది.

కాలువ మరమ్మతు పనికి అంచనా తయారవడం, పాలనామోదం, సాంకేతిక అనుమతి, టెండరు, ఒప్పందం అన్న మెట్లన్నీ ఎక్కడానికి ఏడాది దాటింది. మొదటిసారి ఎవరూ టెండరు వేయలేదు, చిన్న పని కాబట్టి. ఆ ఏడాదిలో నేను నేర్చుకున్నది ఒకటే: ‘ఫైలు ఎక్కడుంది’ అని అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్న జవాబు వస్తుంది; ‘ఏ తేదీన ఏ సీటు నుంచి ఏ సీటుకు వెళ్లింది’ అని అడిగితే ఒక తేదీ వస్తుంది. తేదీని తరువాతి మినిట్స్‌లో రాయవచ్చు.

పని మొదలయ్యాక అంచనా నకలు కావాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. సమాచారం 30 రోజుల్లో ఇవ్వాలన్నది చాలా మందికి తెలుసు. ఆ చట్టం రెండో సెక్షనులో సమాచార హక్కుకు ఇచ్చిన నిర్వచనంలో పనులను పరిశీలించే హక్కు, సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా ఉన్నాయన్నది నేను అప్పుడే గమనించాను. నకలు వచ్చింది. 180 మీటర్ల పొడవున ప్రతి 200 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలు ఇవ్వాలని అందులో ఉంది. అంటే ఈ కొస నుంచి ఆ కొసకు 90 సెంటీమీటర్లు దిగాలి. లెక్కల మాస్టారికి ఇంతకంటె ఏం కావాలి?

కొత్తగా పోసిన కాలువ అడుగు ఆరాక, ఒక సాయంత్రం మా మనవడూ నేనూ బకెట్టుతో నీళ్లు పట్టుకెళ్లి నాలుగు చోట్ల పోశాము. మూడు చోట్ల నీరు మూల వైపు నడిచింది. నాలుగో చోట కాసేపు నిలబడి, కొంత ఇటూ కొంత అటూ పాకి, వెనక్కు వచ్చింది. మరునాడు ఇంజనీరును పిలిచి అదే బకెట్టుతో అతని ముందు పోసి చూపించాను. గుత్తేదారు మనిషి అది ఎండిపోతే సర్దుకుంటుందని అన్నాడు; సిమెంటు ఎండితే ఎలా సర్దుకుంటుందో నాకు అర్థం కాలేదు. కొలతలు ఎం-బుక్‌లో, అంటే పని కొలతలు నమోదు చేసే పుస్తకంలో ఎక్కి, పై అధికారి సరిచూసి సంతకం చేశాక బిల్లు వెళ్లిపోతుందని, లోపం ఏదైనా ఉంటే ఆ లోపలే చెప్పాలని వర్క్ ఇన్‌స్పెక్టరు నాకు ముందే చెవిలో వేశాడు. అందుకని బకెట్టు సంగతిని ఉత్తరంగా రాసి, తేదీ వేసి, ఇన్‌వార్డు ముద్ర కొట్టించుకుని వచ్చాను. ఇరవై మీటర్ల మేర అడుగు తవ్వి మళ్లీ పోశారు.

2022 జులైలో వానలు దంచికొట్టినప్పుడు మూల మీద నీరు నిలవలేదని చెప్పను, నిలిచింది. వాన తగ్గిన నలభై నిమిషాలకు తీసింది. అదివరకు రెండు రోజులు. ఆ నలభై నిమిషాలు నేను గొడుగు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నడక వేళ మార్చుకున్న ఆయన కూడా వచ్చి పక్కన నిలబడ్డారు. ‘మీ జాలీ దగ్గర ఆకులు అడ్డం పడ్డాయి, తీయించండి’ అన్నారు. ఏడాదిన్నర తరువాత ఆయన నాతో ఆడిన మొదటి మాట అది.

నీరు తీయడంతో సమావేశాలకు వచ్చేవారు తగ్గారు. నలభై మంది ఇరవై అయ్యారు, ఇరవై మంది ఎనిమిది అయ్యారు. 2025 జనవరిలో పాలకవర్గం గడువు ముగిసి ప్రత్యేకాధికారి పాలన వచ్చింది. ఆ తరువాత కమిటీని ఎవరూ పిలవలేదు. రిజిస్టరు కార్యాలయంలోనే ఉండిపోయింది. ప్రతి సమావేశం తరువాత దాని జిరాక్సు తీసి పెట్టుకునే అలవాటు ఉండడం వల్ల నా దగ్గర నకలు మాత్రం మిగిలింది.

మొన్న వేసవిలో మా వరుసలో ఒక ఇల్లు చేతులు మారింది. కొన్నవారు గేటు వెడల్పు చేయించి, జాలీ పీకేసి, కాలువ మీదుగా ర్యాంపుకు చెక్కలు కట్టించారు. నేను వెళ్లి జిరాక్సులోని ఆ రెండు వాక్యాలు చూపించాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి, ‘ఇప్పుడు కమిటీయే లేదు కదండీ’ అన్నారు. మరునాటి ఉదయానికి సిమెంటు పోసి గోనెలు కప్పి ఉన్నాయి. సోమవారం అధికారులు ప్రజల ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి వెళ్లి, ఇంటి నంబరు, ర్యాంపు పొడవు, కాలువ దాటి రోడ్డు మీదికి ఎన్ని అడుగులు వచ్చిందో రాసి దరఖాస్తు ఇచ్చాను. వారు ఇచ్చిన రసీదును 21 ర్యాంపుల జాబితా ఉన్న పేజీకి పిన్ను కొట్టి, దాని పక్కన 22 అని రాసి పెట్టుకున్నాను.